మాంద్యం గోదావరి డెల్టాకి రాదా? లోన్ల సీట్లో విన్న అపోహలు, చూసిన వాస్తవాలు

టీవీలో మాంద్యం అన్న మాట మొదలవగానే మా బ్రాంచికి రెండు రకాల వాళ్ళు వస్తారు. ఎఫ్‌డీ తీసేసి ఇంట్లో పెట్టుకుంటామనేవాళ్ళు ఒక రకం. "మనకేంటండీ మేడంగారూ, కాలవ నీళ్ళున్నంత కాలం గోదారోళ్ళని ఏ మాంద్యమూ ఏం చెయ్యలేదు" అంటూ కొత్త కారు లోనుకి ఫారం అడిగేవాళ్ళు రెండో రకం. బ్యాంకులో లోన్ల సీట్లో కూర్చునేదాన్ని కాబట్టి ఇద్దరికీ ఒకటే చెబుతుంటాను. దేశం లెక్క వేరు, మీ ఇంటి లెక్క వేరు. ఇంట్లోకి డబ్బు ఏ దారిన వస్తోంది, వచ్చినా రాకపోయినా కట్టి తీరాల్సింది ఎంత? ఈ రెండూ తేలితే మాంద్యం మీ గుమ్మం తొక్కుతుందో లేదో చాలావరకు తెలిసిపోతుంది.

అపోహ: జీడీపీ పడితే అందరికీ కష్టకాలం, పెరిగితే అందరికీ మంచికాలం

వరసగా రెండు త్రైమాసికాలు ఆర్థిక వ్యవస్థ, అంటే జీడీపీ, కుంచించుకుపోతే మాంద్యం అనడం వాడుక. ఆ లెక్కన మన దేశం 2020లో మాంద్యంలో పడింది. ఏప్రిల్-జూన్‌లో దాదాపు 24 శాతం, ఆ తర్వాతి మూడు నెలల్లో మొదటి అంచనా ప్రకారం 7.5 శాతం తగ్గుదల. కానీ అదే ఏప్రిల్-జూన్‌లో వ్యవసాయం 3.4 శాతం పెరిగింది. ఆలస్యంగానైనా దాళ్వా (రబీ వరి) కోతలు అయ్యాయి, ధాన్యం గట్టెక్కింది. ఆ నెలల్లో మా దగ్గర కుదేలైంది వరి రైతు కాదు. ఆటో తోలుకునేవాళ్ళు, పెళ్ళి వంటలు చేసేవాళ్ళు, హైదరాబాదులో సెంట్రింగ్ పనికెళ్ళి తిరిగొచ్చినవాళ్ళు.

దీనికి తలకిందులైన ఏడాది 2011. అంతకు ముందు ఏడాది దేశం 8 శాతానికి పైగా పెరిగింది. టీవీల్లో అంతా బాగుంది. 2011 సార్వాకి (ఖరీఫ్ వరికి) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కాలవలో నీళ్ళున్నాయి, చేలో నాట్లు లేవు. ఎకరాకి పెట్టిన ఖర్చు గింజ అమ్మితే రావడం లేదన్నది వాళ్ళ మాట. మాంద్యం అన్న పేరు ఎవరూ పెట్టలేదు గానీ, ఆ పల్లెల్లో కూలికెళ్ళే ఇళ్ళకి అది మాంద్యం కాక మరేమిటి?

"డెల్టాకి ఏం కాదు" అన్న నమ్మకం పెద్దవాళ్ళకి ఊరికే రాలేదు. స్వాతంత్య్రం వచ్చాక, 2020కి ముందు, దేశం కుంచించుకుపోయిన సంవత్సరాలు 1957-58, 1965-66, 1972-73, 1979-80. అవన్నీ ప్రధానంగా వానలు మొహం చాటేసిన ఏళ్ళు. వాన లేని ఏడాదిలో ధవళేశ్వరం ఆనకట్ట కింద పొలం ఉన్నవాడు మెట్ట రైతు కన్నా నయమే కదా. ఇప్పుడొచ్చే కష్టం ఆకాశం నుంచి కాదు, బజారు నుంచి వస్తోంది. దానికి ఆనకట్ట అడ్డం లేదు.

అపోహ: అమెరికాలో మాంద్యం వస్తే సాఫ్ట్‌వేర్ వాళ్ళకే దెబ్బ

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు వాళ్ళకి ఇది అపోహ అని విడమరిచి చెప్పక్కర్లేదు. వనామీ రొయ్య సాగుకి 2009లో అనుమతి వచ్చాక మన చెరువులు నేరుగా అమెరికా భోజనబల్లకి ముడిపడిపోయాయి. మన దేశపు రొయ్యని ఎక్కువగా కొనేది వాళ్ళే. అక్కడ ఉద్యోగాలు పోతే జనం ముందు మానేసేది హోటల్ భోజనం. హోటల్ ఆర్డరు తగ్గితే ఎక్స్‌పోర్టరు సరుకు తీసుకోడు, ప్లాంటులో కోల్డ్ స్టోరేజి నిండుతుంది, కమీషన్ ఏజెంటు ఫోన్ ఎత్తడు, చివరికి చెరువు గట్టు మీద రైతుకి కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత) రేటు పడిపోయిందన్న కబురొస్తుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు చూశాం కదా. అది మాంద్యం కాదు, సుంకం. కానీ దెబ్బ వచ్చిన దారి మాత్రం ఇదే.

ఈ దారిలో రైతు ఒక్కడే లేడు. తెల్లవారుజామున ఊళ్ళోకి ప్లాంటు బస్సు వస్తుంది. క్యారేజీలు పట్టుకుని ఆడవాళ్ళు రోడ్డు మీద నిలబడి ఉంటారు, రొయ్య తల తీసి ఒలిచే పనికి. సరుకు తగ్గినప్పుడు వీళ్ళకి ఎవరూ ఉద్యోగం పోయిందని కాగితం ఇవ్వరు. రెండు బస్సులు వచ్చేచోట ఒకటే వస్తుంది. తర్వాత రోజు విడిచి రోజు వస్తుంది. నెల మొత్తం పని చేసే మనిషి పన్నెండు రోజులు చేస్తుంది. నిరుద్యోగం లెక్కలో ఈమె పేరు ఉండదు, డ్వాక్రా వాయిదా మాత్రం మొత్తం కట్టాలి. మన వైపు మాంద్యం అంటే పని పోవడం తక్కువ, పని రోజులు తగ్గిపోవడం ఎక్కువ.

నరసాపురం లేసు కూడా ఇలాంటిదే. 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. కానీ టేబుల్ క్లాతూ సోఫా కవరూ విదేశీ కుటుంబం ముందుగా మానుకునే ఖర్చులు. ఇంటికి దారం తెచ్చి ఇచ్చే మనిషి ఈ నెల రాకపోతే, ఎందుకు రాలేదో అల్లే ఆవిడకి చెప్పేవాళ్ళే ఉండరు.

అపోహ: ఆదాయం తగ్గడమే అసలు సమస్య

సగం నిజం. రెండో సగం నేను రోజూ చూస్తాను.

ఒక ఇంటికి నెలకి 45 వేలు వస్తాయనుకోండి. ఇంటి లోను, బండి వాయిదా, చీటీ కలిపి 18 వేలు. మిగిలేది 27 వేలు. ఆదాయం 30 వేలకి తగ్గిందనుకుందాం, అంటే మూడో వంతు పోయింది. మూడో వంతే కదా, సర్దుకుందాం అనుకుంటారు. కానీ ఆ 18 వేలు 18 వేలుగానే ఉంటాయి. చేతిలో మిగిలేది 12 వేలు. తిండికీ, మందులకీ, స్కూలు ఫీజుకీ ఉన్నది సగం కంటే తక్కువైపోయింది. వాయిదాలు లేని ఇంటికి ఇదే దెబ్బ తగిలితే పండక్కి బట్టలు మానేస్తారు, అంతే.

చెరువు లీజుకి తీసుకున్నవాళ్ళకి ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. లీజు ముందే కట్టేశారు. మేత షాపులో అప్పు ఖాతా నడుస్తోంది. నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లకి కరెంటు, డీజిలు. ధర పడిందని రొయ్యకి మేత ఆపలేరు గదా. భయపడి వంద కౌంటులోనే పట్టేస్తారు. పక్క చెరువు వాళ్ళూ అదే రోజు పడతారు. మార్కెట్టుకి సరుకు వరదలా వచ్చి రేటు ఇంకా దిగుతుంది. పట్టుబడి డబ్బు మేత అప్పుకి పోతుంది. అప్పుడు బంగారం బయటికి వస్తుంది, ఆ తర్వాత నోటు రాసి రెండు రూపాయల వడ్డీకి చేబదులు. రెండు రూపాయలంటే చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి 24 శాతం.

ఈ కథ కొత్తదీ కాదు. 1929 తర్వాత ప్రపంచ మాంద్యంలో మద్రాసు రాష్ట్రంలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. శిస్తు ఆ మేరకి తగ్గలేదు, వడ్డీ వ్యాపారి పత్రం తగ్గలేదు. 1931లో బ్రిటన్ బంగారు ప్రమాణం (కరెన్సీ విలువని బంగారానికి కట్టేసే పద్ధతి) నుంచి తప్పుకున్నాక బంగారం ధర పెరిగింది, అప్పుల్లో ఉన్న పల్లెలు నగలు అమ్ముకున్నాయి, ఆ బంగారం ఓడలెక్కి దేశం దాటిపోయింది. రైతుల అప్పులు తగ్గించే చట్టం మద్రాసు ప్రభుత్వం తెచ్చేసరికి 1938 వచ్చింది.

అపోహ: ఇంట్లో బంగారం ఉంటే భయం లేదు

గోల్డ్ లోను కౌంటరులో మాంద్యం పేపర్ల కంటే ముందే కనిపిస్తుంది. నగలు విడిపించుకునేవాళ్ళు తగ్గి, వడ్డీ కట్టి తిప్పుకునేవాళ్ళు పెరుగుతారు. మొదట గాజులు వస్తాయి, తర్వాత హారం, తర్వాత పిల్లల ఉంగరాలు. నానుతాడు కౌంటరు మీదికి వచ్చిందంటే ఆ ఇంట్లో మిగతావన్నీ అయిపోయినట్టే. ఆవిడ అప్పటికే మెడలో పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టుకుని వస్తుంది. అప్రైజరు తలెత్తకుండా గీటురాయి మీద గీసి బరువు రాస్తాడు.

బంగారం ఆదుకుంటుంది, కాదనను. అయితే గోల్డ్ లోనుకి ఒక లోపలి ప్రమాదం ఉంది. 2020 ఆగస్టులో ఆర్బీఐ వ్యవసాయేతర గోల్డ్ లోన్లకి నగ విలువలో 75 శాతంగా ఉన్న పరిమితిని 2021 మార్చి దాకా 90 శాతం చేసింది. జనానికి ఊరట అనిపించింది. అప్పుడు 10 గ్రాముల ధర 56 వేలు. మార్చికల్లా అది 45 వేల దరిదాపుల్లోకి దిగింది. గరిష్ఠ ధర దగ్గర 90 శాతం తీసుకున్నవాళ్ళకి అప్పు నగ విలువని మించిపోయింది. తేడా కట్టండి, లేదా వేలం అన్న పరిస్థితి. అందుకే కష్టకాలంలో బ్యాంకు ఇస్తానన్నంతా తీసుకోవద్దంటాను. అవసరమైనంతే తీసుకోండి, అదీ తక్కువ నగల మీద. మిగతావి ఇంకో నెలకి దాచుకోండి.

అపోహ: కట్టలేనప్పుడు బ్యాంకు వైపు వెళ్ళకపోవడమే మంచిది

దీని వల్లే ఎక్కువమంది పాడవుతారు. మామూలు లోను వాయిదా 90 రోజులు దాటితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. ఆ తర్వాత మా చేతులు కట్టేసినట్టే. మొదటి నెలలో వచ్చి "ఆదాయం తగ్గిందండీ, గడువు పెంచండి" అని అడిగితే వినడానికి, రాయడానికి మాకు వీలుంటుంది. వరి లాంటి స్వల్పకాలిక పంట లోనుకి లెక్క వేరు. గడువు మీరి రెండు పంట కాలాలు దాటితేనే ఎన్‌పీఏ. కానీ పంట లోను మాత్రం ఏం చేసైనా గడువులోపల కట్టండి. 3 లక్షల దాకా వడ్డీ 7 శాతం, సకాలంలో కడితే 3 శాతం తగ్గి 4 శాతమే పడుతుంది. రెండు రూపాయల నోటు తీర్చడానికి నాలుగు శాతం లోను ఎగ్గొట్టేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది, జాలీ వేస్తుంది.

2020 మారటోరియంని కూడా చాలామంది మాఫీ అనుకున్నారు. ఆగస్టు 31 దాకా వాయిదా ఆపుకోవచ్చన్నారు గానీ వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ వద్దని సుప్రీంకోర్టు 2021 మార్చిలో చెప్పింది, అసలు వడ్డీ వద్దని కాదు. చేతిలో డబ్బు ఉండి కూడా ఆపినవాళ్ళు నష్టపోయారు.

అపోహ: మాంద్యంలో ధరలూ, వడ్డీలూ తగ్గుతాయి

2020-21లో ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయినా చిల్లర ధరలు సగటున 6 శాతానికి పైగా పెరిగాయి. వడ్డీలు తగ్గిన మాట నిజమే, బ్యాంకులకి ఆర్బీఐ అప్పిచ్చే రెపో రేటు 4 శాతానికి దిగింది. మరి అప్పుడు ఏడాది ఎఫ్‌డీకి పెద్ద బ్యాంకుల్లో 5 శాతం దరిదాపుల్లోనే ఇచ్చారు. వడ్డీ మీద బతికే రిటైర్డ్ మాస్టార్లకి అది జీతం కోతే.

ఇంటి లోను వాళ్ళకి ఒక చిన్న సంగతి. 2019 అక్టోబరు నుంచి ఇచ్చిన ఫ్లోటింగ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి ముడిపడి ఉంటాయి, కనీసం మూడు నెలలకోసారి మారతాయి. పాత లోను అయితే మార్చమని మీరే అడగాలి. రేటు తగ్గినప్పుడు బ్యాంకు సాధారణంగా ఈఎంఐ అలాగే ఉంచి నెలలు తగ్గిస్తుంది. మీకు చేతిలో డబ్బు కావాలంటే ఈఎంఐ తగ్గించమని అర్జీ పెట్టండి.

అపోహ: ఎక్కడ దాచినా డిపాజిట్టు డిపాజిట్టే

బ్యాంకులో ఒక్కో మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. ఊళ్ళో ప్రాథమిక సహకార సొసైటీలో వేసిన డిపాజిట్టుకి ఆ బీమా లేదు. అర శాతం ఎక్కువ వడ్డీ అని అక్కడ మొత్తం పోసేముందు ఇది తెలిసుండాలి. చీటీల సంగతి చెప్పనే అక్కర్లేదు. గడ్డుకాలంలో పాడుకున్నవాడు వాయిదా ఆపితే మొదట కూలేది అవే.

అపోహ: రూపాయి పడితే గల్ఫ్ ఇళ్ళకి పండగే

2008 మొదట్లో 40 రూపాయల దగ్గరున్న డాలరు ఏడాది తిరిగేసరికి 50కి చేరింది. దుబాయ్ కరెన్సీ దిర్హామ్ డాలరుకి కట్టేసి ఉంటుంది కాబట్టి దుబాయ్ నుంచి పంపే డబ్బుకీ విలువ పెరిగింది. పంపేవాళ్ళ ఉద్యోగం నిలిస్తేనే ఆ లాభం. 2009 నవంబరులో అక్కడి ప్రభుత్వ కంపెనీ దుబాయ్ వరల్డ్ అప్పులు కట్టడానికి గడువు అడిగే స్థితికి వచ్చింది, అంతకు ముందే అక్కడ కట్టడాలు ఆగాయి. రాజోలు, అమలాపురం వైపు నుంచి వెళ్ళేవాళ్ళు ఏజెంటుకి కట్టడానికి మూడు రూపాయల వడ్డీకి తెస్తారు. మధ్యలో వెనక్కి వస్తే ఆ అప్పు ఇక్కడి కూలితో తీరేది కాదు.

అపోహ: ఇక్కడ ఉద్యోగాలు లేనప్పుడు అబ్బాయిని ఎంఎస్‌కి పంపేస్తే సరి

పంపొచ్చు. కానీ లోను అబ్బాయి ఒక్కడిదే కాదు, సహ రుణగ్రహీతగా సంతకం పెట్టిన నాన్నది కూడా. పెద్ద మొత్తమైతే తనఖాలో ఉండేది ఇల్లో, రెండెకరాల పొలమో. చదువయ్యాక మామూలుగా ఏడాదిలో వాయిదాలు మొదలవుతాయి, అక్కడ మార్కెట్టు ఎలా ఉన్నా సరే. ఉద్యోగం వచ్చి అమెరికా పని వీసా హెచ్1బీ మీద ఉన్నా, అది పోతే కొత్తది వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులే. ఫారం మీద సంతకం పెట్టే ముందు తండ్రులని నేను అడిగేది ఒకటే: అబ్బాయికి ఆర్నెల్లు జీతం లేకపోతే ఈ వాయిదా ఎవరి ఆదాయంలోంచి కడతారండీ? చాలామంది పక్కనున్న అబ్బాయి వైపు చూస్తారు. కొందరు ఫారం మడిచి జేబులో పెట్టుకుని, కాలేజీ మార్చి, తక్కువ మొత్తానికి మళ్ళీ వస్తారు.