కొలిమి ఆరిన ఊళ్లో ఇంటి ధర: న్యూకాసిల్ వెనకటి కథ

1999 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాలో తొమ్మిది రోజుల తేడాతో రెండు ఘటనలు జరిగాయి. 21న ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం ఒక పన్ను మార్పు ప్రకటించింది. ఏడాదికి పైగా చేతిలో ఉంచుకున్న ఆస్తిని అమ్మితే, వచ్చిన లాభంలో సగానికే పన్ను కడితే చాలంది. 30న న్యూకాసిల్‌లో 1915 నుంచి నడుస్తున్న, బీహెచ్‌పీ అనే గనుల కంపెనీ ఉక్కు కర్మాగారం ఆగిపోయింది. మొదటిది వ్యాపార పేజీల్లో చదివి పక్కన పెట్టే వార్త. రెండోది ఒక ఊరి బతుకు. ఆ ఊళ్లో కార్మికుల ఇళ్లు తర్వాతి పాతికేళ్లలో ఎవరి చేతుల్లోకి వెళ్లాయో, ఎందుకు వెళ్లాయో తెలియాలంటే ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

న్యూకాసిల్ సిడ్నీకి ఉత్తరాన దాదాపు 160 కిలోమీటర్ల దూరంలో, హంటర్ నది సముద్రంలో కలిసే చోట ఉంది. 2021 జనగణన నాటికి నగర పరిధిలో జనం లక్షా 70 వేలకు కాస్త అటూ ఇటూ. బొగ్గు ఎగుమతిలో ప్రపంచంలోనే పెద్ద రేవుగా దానికి పేరు. బీచ్‌లో నిలబడితే, అలల మీద సర్ఫింగ్ చేసే కుర్రాళ్ల వెనక బొగ్గు ఓడలు రేవులో తమ వంతు కోసం ఆగి ఉండటం కనిపిస్తుంది. రియల్ ఎస్టేట్ బ్రోచర్లలో మాత్రం సముద్రం నిండుగా ఉంటుంది, ఓడలు ఉండవు.

ఇది అవబకల్, వొరిమి అనే ఆదివాసీ ప్రజల నేల. 1797లో జాన్ షార్ట్‌లాండ్ అనే నౌకాదళ అధికారి ఇక్కడ బొగ్గు ఉందని చెప్పాడు. 1804లో ఖైదీల శిబిరం వెలిసింది. ఆ తర్వాత ఆస్ట్రేలియన్ అగ్రికల్చరల్ కంపెనీ అడుగుపెట్టింది. పేరులో వ్యవసాయం ఉన్నా దాని చేతికి వచ్చింది బొగ్గు గనులు, వాటి చుట్టూ వేల ఎకరాల నేల. 1847 వరకు బొగ్గు మీద గుత్తాధిపత్యం దానిదే. గనుల పక్కన పుట్టిన కూలీల వాడలే తర్వాత హామిల్టన్ లాంటి పేటలయ్యాయి. అక్కడివాళ్లు సబర్బ్ అనే దాన్ని శివారు అనడం నాకు నచ్చదు. వీటిలో చాలావరకు ఊరి నడిబొడ్డుకు నాలుగైదు కిలోమీటర్ల లోపే ఉన్నాయి కాబట్టి పేట అనే అంటాను.

మేఫీల్డ్ సంగతి చూడండి. 1900 ప్రాంతంలో అది ఉన్నవాళ్ల పేట. నది వైపు చూసే మిట్ట మీద పెద్ద పెద్ద బంగళాలు ఉండేవి. 1915లో దాని పక్కనే ఉక్కు కొలిమి వెలిగింది. పొగ మొదలయ్యాక డబ్బున్నవాళ్లు మెల్లగా సముద్రం వైపు జరిగారు. మేఫీల్డ్, టైస్ హిల్, క్యారింగ్టన్ కర్మాగారం కూత వినపడే పేటలయ్యాయి. పదివేల మందికి పైగా అందులో పనిచేసిన రోజులున్నాయి.

ఆ ఇళ్లను కాస్త దగ్గరగా చూడాలి. వీధి వైపు ఇరుకు, వెనక్కి పొడుగు. ఒకదాని మీద ఒకటి ఎక్కించిన చెక్క పలకల గోడలు, పైన ముడతల రేకు. ముందు చిన్న వరండా, మధ్యలో నడవా, దానికి అటూ ఇటూ గదులు, చివర వంటిల్లు. మరుగుదొడ్డి మొదట్లో పెరటి చివర ఉండేది. పెరట్లో బట్టలారేసే తీగ. ఉతికిన బట్టలు ఆరేసే ముందు గాలి ఎటు వీస్తోందో చూసుకోవడం అక్కడి ఆడవాళ్లకు అలవాటు. కర్మాగారం వైపు నుంచి వీస్తే తెల్ల దుప్పటి సాయంత్రానికి మసి దుప్పటి. ఇప్పుడు అలాంటి ఇల్లు అమ్మకానికి వస్తే వెనక గోడ తీసేసి గాజు తలుపులు పెట్టి ఉంటారు, చెక్క పలకలకు తెల్ల రంగు వేసి ఉంటారు. ప్రకటనలో దాని పేరు ‘క్యారెక్టర్ కాటేజ్’. మసి ఊసు ఉండదు.

ఈ మార్పునే జెంట్రిఫికేషన్ అంటారు. దీనికి తెలుగులో స్థిరపడిన మాట ఇంకా లేదు. పేదల పేటలోకి కాస్త ఉన్నవాళ్లు వచ్చి చేరడం, వాళ్ల వెనక ధరలు పెరగడం, ఆ ధరలకు పాతవాళ్లు తట్టుకోలేక కదిలిపోవడం. మేఫీల్డ్‌లో మాత్రం ఇది ఒక చక్రం పూర్తిగా తిరగడం. పొగకు వెళ్లిపోయిన డబ్బు, పొగ ఆరాక తిరిగొచ్చింది.

అది ఒక్కరోజులో రాలేదు. 1989 డిసెంబర్ 28 ఉదయం 5.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. 13 మంది చనిపోయారు. వాళ్లలో తొమ్మిది మంది వర్కర్స్ క్లబ్ కూలినప్పుడు పోయారు. హామిల్టన్‌లో దుకాణాల వీధి బోమాంట్ స్ట్రీట్ కూడా దెబ్బతింది. వందల భవనాలు కూల్చాల్సి వచ్చింది. బీమా సొమ్ముతో బోలెడన్ని ఇళ్లు బాగుపడ్డాయి, కానీ నడిబొడ్డున ఖాళీ జాగాలు మిగిలిపోయాయి.

1990ల మొదట్లో ‘బిల్డింగ్ బెటర్ సిటీస్’ అనే ఫెడరల్ పథకం కింద డబ్బు వచ్చింది. 1992లో హనీసకిల్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ ఏర్పడింది. రైల్వే వర్క్‌షాపులు, రేవు గోదాములు వాడకం తగ్గి వదిలేసిన దాదాపు 50 హెక్టార్ల నదీతీరం దాని చేతికి వచ్చింది. అక్కడ అపార్ట్‌మెంట్లు, హోటళ్లు, ఆఫీసులు లేచాయి. పథకం కాగితాల్లో తక్కువ ఆదాయం వాళ్ల ఇళ్ల మాట కూడా ఉంది, కొన్ని కట్టారు కూడా. కానీ నీళ్లు కనిపించే అంతస్తు ఎవరికి దక్కుతుందో చెప్పడానికి జ్యోతిష్యం అక్కర్లేదు.

ఇక్కడ కట్టేవాళ్లకు వేరే ఊళ్లలో లేని చిక్కొకటి ఉంది. ఊరి కిందంతా పాత గనుల ఖాళీలు. శతాబ్దం కిందట బొగ్గు తవ్వి వదిలేసిన సొరంగాల మీద పది అంతస్తుల భవనం లేపితే నేల కుంగొచ్చు. అందుకని ముందు బోరు వేసి, కింద ఎంత ఖాళీ ఉందో చూసి, సిమెంట్ కలిపిన గుజ్జును లోపలికి పంపి నింపాలి. దీన్ని గ్రౌటింగ్ అంటారు. ఎంత గుజ్జు పడుతుందో నింపేదాకా తెలియదు. ఆ ఖర్చుకు భయపడి చాలామంది బిల్డర్లు నడిబొడ్డు వైపు చూసేవాళ్లు కాదు. చివరికి రాష్ట్ర ప్రభుత్వమే గ్రౌటింగ్ ఫండ్ ఒకటి పెట్టి, ఖర్చు ఒక హద్దు దాటితే పైది తాను భరిస్తానంది. ఆ తర్వాతే క్రేన్లు జోరుగా లేచాయి. ప్రైవేటు లాభానికి అడుగున, అక్షరాలా నేల అడుగున, ప్రభుత్వం డబ్బు ఉందన్నమాట.

ఇప్పుడు పన్నుల సంగతి. ఆస్ట్రేలియాలో నెగటివ్ గేరింగ్ అనే పద్ధతి చాలాకాలంగా ఉంది. లెక్క కోసం ఒక ఇల్లు అనుకుందాం. ఏడాదికి వడ్డీ, రిపేర్లు, ఇతర ఖర్చులు కలిపి 38 వేల డాలర్లు, వచ్చే అద్దె 26 వేలు. నష్టం 12 వేలు. ఆ నష్టాన్ని యజమాని తన జీతంలో నుంచి తీసేసి మిగతాదానికే పన్ను కడతాడు. అతను 37 శాతం శ్లాబులో ఉంటే 4,440 డాలర్లు కలిసొస్తాయి. అయినా ఇంకా ఏడున్నర వేలు చేతి నుంచి పోతున్నట్టే కదా, ఎందుకీ తలనొప్పి అంటే, అమ్మేటప్పుడు వచ్చే లాభం కోసం. నష్టాన్ని జీతంలో తీసేసే ఈ పద్ధతికి 1985లో ప్రధాని బాబ్ హాక్ ప్రభుత్వం అడ్డుకట్ట వేసి, 1987లో మళ్లీ ఎత్తేసింది. 1999 మార్పు దీనికి తోడైంది. ఏటా వచ్చే నష్టం పూర్తిగా జీతంలో మినహాయింపు, చివర్లో వచ్చే లాభంలో సగానికే పన్ను. అద్దె ఎంత వస్తుందన్నది రెండో ప్రశ్న అయిపోయింది, ధర ఎంత పెరుగుతుందన్నదే మొదటి ప్రశ్న.

అలాంటి ఇన్వెస్టర్ ఏం వెతుకుతాడు? చవకగా దొరకాలి, పెరగడానికి చోటుండాలి, అద్దెకు మనుషులుండాలి. కొలిమి ఆరి గాలి తేలికైన న్యూకాసిల్ పాత పేటల్లో ఈ మూడూ ఉన్నాయి. న్యూకాసిల్ అందాన్ని కాఫీ హోటళ్లు, బీచ్‌లు పెంచాయని రాసే వ్యాసాలు చాలానే చూశాను. కాఫీ హోటల్ తర్వాత వస్తుంది. ముందు వచ్చేది ఈ లెక్కే.

లేబర్ పార్టీ ఈ లెక్కను మారుస్తానని 2016లో, 2019లో ఓటర్ల దగ్గరికి వెళ్లి రెండుసార్లూ ఓడిపోయింది. 2022 ఎన్నికలకు ముందే ఆ హామీని వదిలేసుకుంది.

2000ల్లో నడిబొడ్డున హంటర్ స్ట్రీట్‌లో దుకాణాలు వరసగా మూతపడుతుంటే 2008లో మార్కస్ వెస్ట్‌బరీ అనే అతను ‘రెన్యూ న్యూకాసిల్’ అనే పథకం మొదలుపెట్టాడు. ఖాళీ దుకాణాల్ని యజమానుల దగ్గర తాత్కాలికంగా తీసుకుని చిత్రకారులకు, చేతిపనుల వాళ్లకు దాదాపు ఉచితంగా ఇచ్చేవాళ్లు. అసలైన కిరాయిదారు దొరికితే ఖాళీ చేయాలి. 2011కి చూడాల్సిన పది నగరాల జాబితాలో లోన్లీ ప్లానెట్ అనే యాత్రా పుస్తకాల సంస్థ న్యూకాసిల్ పేరు చేర్చింది. రెన్యూ న్యూకాసిల్ వాళ్ల ఉద్దేశం మంచిదే. అయితే వీధికి ప్రాణం పోసినవాళ్లు ఒకరు, ఆ ప్రాణానికి ధర కట్టుకున్నవాళ్లు వేరొకరు.

2014 ఈ ఊరికి గడ్డు సంవత్సరం. రాష్ట్ర అవినీతి నిరోధక కమిషన్ విచారణలో, బిల్డర్ కూడా అయిన అప్పటి మేయర్, ఎన్నికల అభ్యర్థులకు కవర్లలో నగదు ఇచ్చానని ఒప్పుకుని ఆగస్టులో రాజీనామా చేశారు. ఈ ఊరున్న న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో రాజకీయాలకు బిల్డర్ల విరాళాల మీద నిషేధం అప్పటికే ఉంది. అదే ఏడాది డిసెంబర్‌లో ఊరి నడిబొడ్డుకు వచ్చే రైలు ఆగిపోయింది. పట్టాలు ఊరికీ నదికీ మధ్య గోడలా ఉన్నాయని ఒక వర్గం, ఉన్న రైలు పీకేసి ఆ నేలను బిల్డర్లకు అప్పజెబుతున్నారని ఇంకో వర్గం. రైలు కోసం పోరాడినవాళ్లు కోర్టుకెళ్లారు. చట్టసభ ఆమోదం లేకుండా పట్టాలు తీయకూడదని క్రిస్మస్ ముందురోజు తీర్పు వచ్చింది. పట్టాలు అలాగే ఉన్నాయి, రైళ్లు మాత్రం ఆగాయి. తర్వాతి ఏడాది చట్టం వచ్చింది, పట్టాలు పోయాయి. 2019 ఫిబ్రవరిలో వాటి బదులు 2.7 కిలోమీటర్ల లైట్ రైల్ (ట్రామ్ లాంటిది) వచ్చింది. బీచ్ దగ్గరి దాకా నేరుగా రైల్లో వచ్చేవాళ్లు ఇప్పుడు విక్‌హామ్‌లో దిగి బండి మారాలి. ఆ ఇంటర్‌చేంజ్ చుట్టూ ఒకప్పుడు షెడ్లు, గ్యారేజీలు ఉన్న విక్‌హామ్‌లో ఇప్పుడు టవర్లు.

తర్వాత కోవిడ్. ఇంటి నుంచి పని చేయొచ్చన్నప్పుడు సిడ్నీ వాళ్లకు 160 కిలోమీటర్లు దూరం అనిపించలేదు. ఆస్ట్రేలియా రిజర్వ్ బ్యాంక్ వడ్డీ రేటు 2020 నవంబర్‌లో 0.10 శాతానికి దిగింది. ఇల్లు కళ్లతో చూడకుండా, బయ్యర్స్ ఏజెంట్ (కొనేవాళ్ల తరఫున ఇల్లు వెతికిపెట్టే మనిషి) పంపిన వీడియో చూసి కొన్నవాళ్లున్నారు. 2022 మే నుంచి రేటు పెరుగుతూ 2023 నవంబర్‌కు 4.35కి చేరింది. ఆ మధ్యలో అద్దె ఇళ్లు దొరకడమే గగనమైంది. శనివారం ఇల్లు చూపిస్తారంటే గుమ్మం బయట క్యూ. లోపల పది నిమిషాలు. చేతిలో జీతం స్లిప్పులు, పాత ఇంటి ఓనర్ ఇచ్చిన కాగితం. కుళాయిలో నీళ్లెలా వస్తున్నాయో చూసే తీరిక ఎవరికీ లేదు.

పాతవాళ్లందరూ నష్టపోయారనడం అబద్ధం. 1980ల్లో ఇల్లు కొనుక్కున్న ఉక్కు కార్మికుడు రిటైరయ్యాక అమ్మి, ఊహించని డబ్బు చూశాడు. అదే పేటలో అతని కొడుకు కొనలేక పక్క ఊరు మైట్‌ల్యాండ్ వైపు వెళ్తున్నాడు. అద్దెకున్న వాళ్లకు ఆ అమ్మకం లాభం కూడా లేదు. వాళ్లకు అందిందల్లా ఖాళీ చేయమనే కాగితమే. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పద్ధతిని న్యూసౌత్‌వేల్స్ 2025 మే 19 నుంచి తీసేసింది. అద్దె ఏడాదికి ఒక్కసారే పెంచాలన్న నిబంధన అంతకు కొద్ది నెలల ముందు వచ్చింది.

మనవాళ్లకు ఈ ఊరితో లింకు వీసా ద్వారా ఏర్పడింది. 2019 నవంబర్ నుంచి న్యూకాసిల్‌ను వీసాల కోసం రీజినల్ ప్రాంతంగా, అంటే మహానగరాల బయటి ప్రాంతంగా లెక్కిస్తున్నారు. సిడ్నీలో చదివితే రాని వెసులుబాటు ఇక్కడ చదివితే, పనిచేస్తే వస్తుంది. అందుకే యూనివర్సిటీకి దగ్గర్లో ఉన్న జెస్మండ్, వారాటా పేటల్లో తెలుగు విద్యార్థులు గదులు వెతుక్కుంటున్నారు. వాళ్లు అక్కడే ఇల్లు కొనుక్కుందామన్నా, 2025 ఏప్రిల్ నుంచి 2027 మార్చి దాకా తాత్కాలిక వీసాల వాళ్లు ఇప్పటికే కట్టి ఉన్న ఇళ్లు కొనకుండా నిషేధం ఉంది. ఇటు సిడ్నీలో పీఆర్ (శాశ్వత నివాస హక్కు) వచ్చి స్థిరపడ్డ మన టెకీల వాట్సాప్ గ్రూపుల్లో, న్యూకాసిల్‌లో ఏ పేట ‘ఇంకా పెరగలేదు’ అనేది వారాంతపు చర్చ. ఓనర్ పేరూ, అద్దెకొచ్చిన కుర్రాడి పేరూ రెండూ తెలుగే అయిన ఇల్లు జెస్మండ్‌లో ఎక్కడో ఉండే ఉంటుంది. మధ్యలో ఏజెంటు ఉంటాడు కాబట్టి ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.