పురుడు చేతులు మారిన కథ

తిరుపతి మెటర్నిటీ ఆస్పత్రి బయట కాసేపు నిలబడండి. ఫ్లాస్కు పట్టుకుని కింద కూర్చున్న అవ్వను పక్కావిడ అడిగే మొదటి మాట, "ఏం మా, నార్మలా, ఆపరేషనా?" బిడ్డ ఆడా మగా అన్నది ఆ తర్వాత.

అలా అడగడానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో అయితే 63, సర్కారు ఆస్పత్రుల్లో 27 దాకా. దేశం మొత్తం మీద 21.5. మిడ్‌వైఫ్ (కాన్పులు చేయడానికే శిక్షణ పొందిన మనిషి), బర్త్ సెంటర్ (మిడ్‌వైఫ్‌లు కాన్పులు చేసే చోటు), సహజ కాన్పు అన్న మాటలు ఇప్పుడు ఎక్కువగా వినబడుతున్నది అందుకే. మాటలు కొత్తవేగానీ పని పాతది.

మా అవ్వకు ఆరు కాన్పులూ ఇంట్లోనే, చిత్తూరు పక్క పల్లెలో. నొప్పులు మొదలైతే మంత్రసానికి కబురు వెళ్లేది. ఆమె వచ్చి పొట్ట మీద ఆముదం రాసి, చేత్తో తడిమి, బిడ్డ తల ఎటుందో చెప్పేదట. పడుకోనిచ్చేది కాదు. నడవమనేది, దూలానికి కట్టిన తాడు పట్టుకుని గొంతుక్కూర్చోమనేది. మాయ పడేదాకా అక్కణ్నుంచి కదిలేది కాదు. కూలి ఒక పాత చీర, ఇన్ని బియ్యం. 'మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి' అనే సామెత వింటే చాలు, ఆమెకు ఊళ్లో దక్కిన మర్యాద ఎంతో తెలిసిపోతుంది.

ఆ ఆరుగురిలో బతికింది నలుగురు. ఒక బిడ్డ పుట్టిన వారానికే ఒళ్లు బిగుసుకుపోయి పోయాడు. ధనుర్వాతం. బొడ్డు కోసింది కొడవలితో, పైన అద్దింది బూడిద. పాతకాలపు కాన్పులే మేలు అనేవాళ్లు ఈ లెక్క చెప్పరు.

ఆస్పత్రి కాన్పు మన వైపుకు మద్రాసు నుంచే వచ్చింది. అక్కడ 1844లో ప్రసూతి ఆస్పత్రి, పదేళ్లకు మంత్రసానుల శిక్షణ మొదలయ్యాయి. కానీ పల్లె ఆడవాళ్లు మగ డాక్టరు ముందుకు వెళ్లేవాళ్లు కాదు. 1890 ప్రాంతంలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్లు వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలను చూడమని మిషనరీ కూతురు ఐడా స్కడర్‌ను వేడుకున్నారు. ఆమె డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రిని ఇంటికి రానివ్వడానికి వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఐడా డాక్టరు చదివి 1900లో వేలూరులో పని మొదలుపెట్టింది. వేలూరు అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోది, ఆ జిల్లాకు కేంద్రం చిత్తూరు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోయినా, జబ్బు ముదిరితే వేలూరుకు బస్సెక్కడం మనవాళ్లు ఈనాటికీ మానలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక మంత్రసాని స్థానంలోకి రావాల్సిన మనిషి ఏఎన్‌ఎం, అంటే ఆగ్జిలరీ నర్స్ మిడ్‌వైఫ్. పేరులోనే మిడ్‌వైఫ్ ఉంది. 1950లలో ఆమె చదువు రెండేళ్లు, చేయాల్సిన ముఖ్యమైన పని కాన్పులు. 1973లో కేంద్రం వేసిన కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళార్థ ఆరోగ్య కార్యకర్తగా మార్చమంది. 1977లో శిక్షణను 18 నెలలకు తగ్గించారు. కుటుంబ నియంత్రణ టార్గెట్లు, టీకాలు, రిజిస్టర్లు నెత్తిన పడ్డాయి. అసలు దెబ్బ ఇక్కడే తగిలిందని నా అభిప్రాయం. సిజేరియన్లు ఇంతగా పెరగక ముందే, కాన్పు చేయడానికని తయారైన మనిషి చేతిలోంచి ఆ పనిని ప్రభుత్వమే తీసేసింది.

2005లో జననీ సురక్ష యోజన వచ్చింది, అదే ఏడాది 108 అంబులెన్సులూ వచ్చాయి. ఆస్పత్రిలో కాన్పయితే పల్లెటూరి పేద తల్లికి రూ.700. ఫలితం మామూలుగా లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001-03లో లక్ష సజీవ జననాలకు 195గా ఉన్న తల్లుల మరణాలు, విడిపోయిన ఆంధ్రప్రదేశ్‌లో 2018-20 నాటికి 45కు దిగాయి. ఇప్పుడు నూటికి 96 కాన్పులు ఆస్పత్రుల్లోనే. అయితే ఆ తల్లులందరూ చేరిన లేబర్ రూముల్లో పక్కన కూర్చునే మనిషి లేదు. ఒక డ్యూటీ డాక్టరు, ఇద్దరు నర్సులు, వరసగా మంచాలు. నొప్పులు గంటల తరబడి సాగితే బయట బంధువులకు టెన్షన్, లోపల డాక్టరుకు కేసు భయం. 1950లలో అమెరికా డాక్టరు ఫ్రీడ్‌మన్ గీసిన గ్రాఫు నుంచి, గంటకు సెంటీమీటరు చొప్పున గర్భసంచి ముఖద్వారం తెరుచుకోవాలన్న లెక్క లేబర్ రూముల్లో పాతుకుపోయింది. తల్లీబిడ్డా బాగుంటే ఆ ఒక్క లెక్క చూసి తొందరపడొద్దని, నచ్చిన భంగిమలో కననివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. మా అవ్వ దూలం తాడు గుర్తొచ్చింది నాకు. ఇక పంతులు పెట్టిన ముహూర్తానికి కోయించుకునే వాళ్ల సంగతి సరేసరి. ఆ తప్పు డాక్టర్లది మాత్రమే కాదు.

2018 డిసెంబరులో కేంద్రం మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు తెచ్చింది. అనుభవమున్న నర్సుకు కాన్పుల మీదే 18 నెలల శిక్షణ. తగ్గించినదీ 18 నెలలకే, ఇప్పుడు పైన కలుపుతున్నదీ 18 నెలలే! అంతకు ముందే, 2017లో, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆస్పత్రితో కలిసి తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో నర్సులకు ఈ శిక్షణ మొదలుపెట్టింది.

బర్త్ సెంటర్ అంటే అందరూ వెళ్లే చోటు కాదు. బీపీ, షుగర్, కవలలు, ఎదురుకాళ్ల బిడ్డ ఉన్నవాళ్లను మొదటే పెద్దాసుపత్రికి పంపేస్తారు. ఇంగ్లండ్‌లో 64 వేల మందికి పైగా తక్కువ రిస్కు తల్లులను గమనించిన 2011 అధ్యయనం ప్రకారం, ఈ సెంటర్లలో పుట్టిన బిడ్డలకు ముప్పు ఎక్కువేమీ లేదు, కోతలు మాత్రం తగ్గాయి. అయితే తొలి కాన్పుకు అక్కడ చేరినవాళ్లలో నూటికి 36 నుంచి 40 మందిని నొప్పుల మధ్యలోనో, కాన్పు కాగానేనో డాక్టర్ల దగ్గరికి మార్చాల్సి వచ్చింది. మన మార్గదర్శకాలు మిడ్‌వైఫ్ యూనిట్లను ఊరికి దూరంగా విడి ఇళ్లలో కాకుండా, కాన్పులు ఎక్కువగా జరిగే ఆస్పత్రుల్లోనే పెట్టమన్నాయి. మిడ్‌వైఫ్ తలుపు తీసి పిలిస్తే వచ్చేంత దూరంలో డాక్టరు, ఆ పక్కనే ఆపరేషన్ థియేటర్ ఉండాలి.