కోర్టులు వదిలేసినా జనం వదల్లేదు: చేతబడిపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు యూరప్ చరిత్ర చెబుతుంటాను. మంత్రగత్తెల విచారణల పాఠంలో పిల్లలు ఎక్కువగా తికమకపడేది విచారణలు ఆగిపోయాక ఏం జరిగిందన్న దగ్గరే. ఇంగ్లండ్‌నే తీసుకుందాం.

అపోహ: ఇదంతా మధ్యయుగాల నాటి సంగతి, మంత్రగత్తెలందరినీ తగలబెట్టారు.

వాస్తవం: విచారణలు ముమ్మరంగా సాగింది సుమారు 1560 - 1650 మధ్య. స్కాట్లాండ్‌లో, జర్మన్ ప్రాంతాల్లో కాల్చారు. ఇంగ్లండ్‌లో మామూలుగా ఈ నేరానికి ఉరే.

అపోహ: జనం నమ్మడం మానేశారు కాబట్టే చేతబడిని శిక్షించే చట్టం రద్దయింది.

వాస్తవం: మానేసింది జనం కాదు, జడ్జీలు, చదువుకున్న పెద్దమనుషులు. 1712లో హెర్ట్‌ఫర్డ్‌లో జేన్ వెన్‌హామ్ అనే ఆమెను చేతబడి కేసులో జ్యూరీ దోషిగా తేల్చింది. జడ్జికి మాత్రం ఆ సాక్ష్యాలేవీ మింగుడుపడలేదు. ఆమెకు ఆన్ రాణి క్షమాభిక్ష దొరికింది. 1736లో పాత చట్టమే పోయింది. కొత్త చట్టం లెక్కన చేతబడి నేరం కాదు, తనకు మంత్రశక్తులున్నాయని చెప్పుకోవడం నేరం, ఏడాది జైలు. దూడలు వరసగా చచ్చిపోతున్న రైతుకు దీంతో ఏం ఒరిగింది? భయం అలాగే ఉంది, ఫిర్యాదు చేసే చోటు పోయింది.

అపోహ: ఆ తర్వాత ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు.

వాస్తవం: పదిహేనేళ్ళకే వచ్చింది. ట్రింగ్ అనే ఊరి దగ్గర రూత్ ఆస్బోర్న్ అనే ముసలామె మజ్జిగ అడిగితే ఒక పాల రైతు లేదు పొమ్మన్నాడు. ఆమె గొణుక్కుంటూ వెళ్ళింది. తర్వాత అతని దూడలకు జబ్బు చేసింది, అతనికీ ఫిట్స్ వచ్చాయి. 1751 ఏప్రిల్‌లో చుట్టుపక్కల సంతల్లో దండోరా వేశారు: ఫలానా రోజున మంత్రగత్తెను నీళ్ళలో ముంచుతున్నాం, రండి అని. ఆమెనూ ఆమె భర్తనూ చర్చిలో దాచినా గుంపు లాక్కొచ్చింది. దుప్పట్లో చుట్టి, తాడు కట్టి చెరువులో ఈడ్చారు. థామస్ కోలీ అనేవాడు కర్రతో ఆమెను నీళ్ళలోకి నెట్టి, ఆనక జనం దగ్గర చిల్లర కూడా వసూలు చేశాడు. ఆమె చనిపోయింది. కోలీని ఉరితీశారు. అన్ని కీడులు చేసిన ముసలిదాని కోసం మనిషిని ఉరితీస్తారా అని ఊళ్ళో జనం సణిగారట! నాకైతే హత్య కంటే ఈ సణుగుడే ఎక్కువ చెబుతుంది.

19వ శతాబ్దంలోనూ కోర్టుల్లో మరో రకం కేసులు కనిపిస్తాయి. అనుమానం ఉన్నామె ఒంటి మీద గీరి నెత్తురు కళ్ళజూస్తే చేతబడి విరుగుతుందని నమ్మి దాడి చేసేవారు. బాణామతి చేస్తున్నాడని పళ్ళు పీకేసిన వార్తలు తెలంగాణలో మనమూ చదివాం. మంత్రం నోట పలక్కూడదని అక్కడ ఉద్దేశం. నమ్మకం వేరు, దెబ్బ పడేది మాత్రం దిక్కులేని మనిషి మీదే.

అపోహ: మంత్రం వేసేవాళ్ళంటే జనం ఆమడ దూరం ఉండేవారు.

వాస్తవం: విరుగుడు చేసేవాళ్ళ దగ్గరికి ఎగబడేవారు. ఎసెక్స్‌లోని హాడ్లీలో జేమ్స్ మరెల్ అని ఉండేవాడు, 1860లో పోయాడు. వృత్తి చెప్పులు కుట్టడం. ఏడో కొడుక్కి ఏడో కొడుకునని చెప్పుకునేవాడు. బాధితుడి మూత్రం, గోళ్ళు, వెంట్రుకలు, గుండుసూదులు ఇనప సీసాలో బిగించి పొయ్యి మీద పెట్టేవాడు. సీసా పేలితే చేతబడి విరిగినట్టే. బిగించిన సీసా కాగితే పేలక ఏం చేస్తుంది లెండి! కొత్త చట్టం కింద శిక్ష పడాల్సింది ఇలాంటివాళ్ళకే. కానీ నయమైందని నమ్మినవాడు ఫిర్యాదు చేస్తాడా?

అపోహ: రెండో ప్రపంచయుద్ధంలో, ఆత్మలను రప్పిస్తానని చెప్పుకునే హెలెన్ డంకన్‌ను మంత్రగత్తె అని జైల్లో పెట్టారు.

వాస్తవం: ఇది పిల్లలు ఇంటర్నెట్‌లో చూసి వచ్చి అడిగేది. 1944లో ఆమెకు తొమ్మిది నెలల శిక్ష పడింది 1736 నాటి ఆ చట్టం కిందే. కానీ నేరం చేతబడి కాదు, ఆత్మలను రప్పిస్తున్నట్టు నటించడం. 1951లో ఆ చట్టాన్నీ తీసేసి, ఆత్మలతో మాట్లాడిస్తామని మోసం చేసేవాళ్ళ (మీడియంల) మీద వేరే చట్టం తెచ్చారు.