గూడెం లెక్కలు: అపోహలు - వాస్తవాలు

పదిహేడేళ్లుగా నేను చేస్తున్నది ఒకటే పని. ఏజెన్సీ ప్రాంతాల్లో ఇంటింటి సర్వేలకు ప్రశ్నావళి తయారుచేయడం, వాటికి వెళ్లే ఇన్వెస్టిగేటర్లకు శిక్షణ ఇవ్వడం, తిరిగొచ్చిన ఫారాల నుంచి అంకెలు తీయడం. స్టాటిస్టిక్స్ చదివే పిల్లలు, నర్సింగ్ విద్యార్థులు, సోషల్ వర్క్ చేసేవాళ్లు శిక్షణకు వస్తారు. బ్యాచ్‌లు మారుతున్నా మొదటి రోజు వాళ్లు అనే మాటలు మాత్రం మారడం లేదు. సమీక్షా సమావేశాల్లో పెద్దవాళ్ల నోటా అవే వింటుంటాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: జనాభా లెక్కల్లో సంఖ్య పెరిగితే ఆ తెగ వృద్ధి చెందినట్టే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1971లో ఎస్టీలు 16.58 లక్షలు. 1981కి 31.76 లక్షలయ్యారు. పదేళ్లలో దాదాపు రెట్టింపు! అంతమంది పుట్టలేదు. 1976 చట్ట సవరణతో ఎస్టీ జాబితాలోని ప్రాంతీయ పరిమితులు తొలగాయి. తెలంగాణ జిల్లాల లంబాడాలు జాబితాలోకి వచ్చారు. వాళ్లు అంతకుముందూ ఆ తండాల్లోనే ఉన్నారు, లెక్కలో వాళ్లను రాసే గడి మారిందంతే.

చిన్న తెగల విషయంలో ఇది ఇంకా ప్రమాదం. గోండులకు వంశగాథలు పాడే 'తోటి' అనే తెగవాళ్లు 2001లో 2,074 మంది, 2011లో 4,811 మంది. అంటే ఏడాదికి సుమారు 9 శాతం పెరుగుదల. కేవలం జననాలతో ఏ సమాజమూ అంత వేగంగా పెరగదు. ఈ రెండు లెక్కల్లో కనీసం ఒకదానిలో చాలామందిని వేరే పేరు కింద రాసి ఉండాలి. ఈ అంకెను చూసి తోటివాళ్లు బాగుపడ్డారని రాసినా, 2001 అంకెను చూసి అంతరించిపోతున్నారని రాసినా తప్పే. రెండు రకాల రాతలూ నేను చూశాను.

అపోహ: శాంపిల్ పెద్దదైతే అందరూ అందులో వచ్చేస్తారు.

లెక్క వేసి చూద్దాం. 2011లో ఉమ్మడి రాష్ట్ర జనాభా 8.46 కోట్లు. అందులో తోటివాళ్లు 17,500 మందికి ఒక్కరు. పది వేల ఇళ్లను యాదృచ్ఛికంగా ఎంచుకుని, ఇంటికి నలుగురు చొప్పున నలభై వేల మందిని కలిసినా, తగిలేది సగటున ఇద్దరు. ఒక్క ఇల్లు! ఆ ఒక్క ఇంటిని చూసి తెగ ఆరోగ్యం గురించి ఏం చెప్పగలం?

అందుకే పెద్ద సర్వేల నివేదికలు ఎస్టీలందర్నీ ఒకే వరుసలో కలిపి చూపిస్తాయి. నల్లమల పెంటల్లోని (చెంచుల గూడేలను పెంటలంటారు) చెంచులూ, నెల్లూరు వైపు యానాదులూ, గోదావరి ఒడ్డు కోయలూ, మైదానంలోని లంబాడాలూ ఒకే సగటులో కలిసిపోతారు. సంఖ్య ఎక్కువ ఉన్నవాళ్లే ఆ సగటును నిర్ణయిస్తారు. ఉమ్మడి రాష్ట్రంలో పీవీటీజీలుగా, అంటే మరీ బలహీన స్థితిలో ఉన్న గిరిజన తెగలుగా గుర్తించినవి 12. వాళ్ల విషయంలో శాంపిల్ సరిపోదు, వాళ్లున్న గూడేలన్నీ తిరిగి ప్రతి ఇంటినీ రాయాలి. ఖర్చవుతుంది, నిజమే. కానీ వేరే దారి లేదు.

అపోహ: శిశు మరణాలు సున్నా అంటే ఆ ఊరు క్షేమం.

శిక్షణలో దీనికి నేను ఒక పూట పూర్తిగా కేటాయిస్తాను.

ఒక గూడెంలో మూడేళ్లలో 40 కాన్పులు జరిగాయనుకోండి. ఇద్దరు పసివాళ్లు పోతే వెయ్యికి 50 అని రాస్తాం. ముగ్గురు పోతే 75. ఒక్క బిడ్డతో రేటు అంత పైకి పోతుంది. ఇక ఎవరూ పోలేదనుకుందాం. అప్పుడు మేం వాడే సూత్రం ఒకటుంది: మూడును కాన్పుల సంఖ్యతో భాగించాలి. 3ని 40తో భాగిస్తే 0.075. అంటే ఒక్క మరణమూ నమోదు కాని ఆ గూడెంలోనూ అసలు ముప్పు వెయ్యికి 75 దాకా ఉండే అవకాశాన్ని ఈ లెక్క కొట్టిపారేయలేదు. సున్నా కనిపించిందని అక్కడి ఏఎన్ఎంను (ఊళ్లో తల్లీబిడ్డల ఆరోగ్యం చూసే నర్సును) ఇంకో చోటికి వేయడం ఎంత తొందరపాటో ఆలోచించండి.

అసలు ఆ సున్నా నిజమేనా అన్నది ఇంకో ప్రశ్న. పాపికొండల వైపు ఒక కొండరెడ్ల ఊళ్లో మా విద్యార్థిని ఒకమ్మాయి అరుగు మీద కూర్చున్న అవ్వను అడిగింది: "ఎంతమంది పిల్లలు అవ్వా?" "నలుగురు" అంది. అమ్మాయి 4 అని రాసుకుని పేజీ తిప్పబోయింది. నేను పక్కన కూర్చుని, "పుట్టి, ఒక్కసారైనా ఏడ్చి, తర్వాత పోయినోళ్లు ఉన్నారా అవ్వా?" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుడిచేతి వేళ్లు రెండు మడిచింది. ఎప్పుడని అడిగితే తేదీలు లేవు. "పెద్ద వరదప్పుడు ఒకడు చంకలో ఉన్నాడు, ఆ తర్వాతి పంటకు పోయాడు" అంది. పెద్ద వరదంటే 1986 ఆగస్టు, భద్రాచలం దగ్గర గోదావరి 75 అడుగులు దాటిన ఏడు. దాన్ని పట్టుకుని సంవత్సరం రాశాం. వయసులూ ఇలాగే రాబట్టాలి. నేరుగా అడిగితే అందరూ ముప్పై, నలభై, యాభై అయిపోతారు. అందుకే ప్రతి బృందం చేతిలో ఆ ప్రాంతపు సంఘటనల పట్టిక ఒకటి ఉంచుతాం.

అపోహ: ఫారం మీద సంతకం ఉంటే సమ్మతి ఉన్నట్టే.

2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని మూడు మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. అది ఒక పరిశోధన ప్రాజెక్టు. పిల్లల్లో చాలామంది ఆశ్రమ పాఠశాలల హాస్టళ్లలో ఉండేవారు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు విచారణలో తేలలేదు. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడుతుంది. కానీ సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారన్నది బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

తర్వాత 2017లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల్లో ఉన్నది ఇదీ: పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి, అర్థం చేసుకునే వయసుంటే పిల్లల ఒప్పుకోలూ కావాలి. గూడెం పెద్ద సరేనన్నా ప్రతి మనిషినీ విడిగా అడగాల్సిందే. నా విద్యార్థులకు ఇంకోటి కూడా చెబుతాను. వద్దని తల తిప్పుకున్న మనిషి ఇంటికి రెండోసారి సారును వెంటబెట్టుకుని వెళ్లకండి. సారు ఎదుట వాళ్లు కాదనలేరు.

అపోహ: పేర్లు తీసేస్తే ఎవరో తెలియదు.

హైదరాబాద్‌లోని ఒక కాలనీకి ఈ మాట వర్తిస్తుందేమో గానీ పదకొండు ఇళ్ల పెంటకు వర్తించదు. "మహిళ, 40, భర్త లేరు, టీబీ" అని రాస్తే ఎవరో ఆ ఊళ్లో చిన్నపిల్లాడూ చెబుతాడు. సికిల్ సెల్ (తల్లిదండ్రుల జన్యువుల ద్వారా వచ్చే రక్త వ్యాధి) పరీక్షలు పెద్ద ఎత్తున జరుగుతున్న రోజులివి. 2023లో మొదలైన జాతీయ మిషన్ లక్ష్యమే 7 కోట్ల మంది. ఒక గూడెంలో ముగ్గురికి ఆ జన్యువు ఉందని ఊరి పేరుతో పట్టికలో వేసిన నివేదిక ఒకటి నా చేతికొచ్చింది. ఆ ముగ్గురిలో ఒకమ్మాయికి అప్పటికే వచ్చిన సంబంధం వెనక్కి పోయింది. ఆ రోజు నుంచి మా పట్టికల్లో అయిదు కంటే చిన్న అంకె ఉన్న ఏ గడినీ ఊరి పేరుతో బయటపెట్టం. పక్క గూడేలతో కలిపి చూపిస్తాం.

అపోహ: స్థానికులకు శిక్షణ ఇస్తే చాలు, మిగతాది అదే సర్దుకుంటుంది.

కొలామీ, కువి మాట్లాడే అమ్మాయి వచ్చి అడిగితే జవాబులు వేరుగా వస్తాయి, ఇందులో సందేహమే లేదు. కానీ గర్భస్రావం గురించో, ఇంట్లో దెబ్బల గురించో సొంత ఊరి అమ్మాయికి ఎవరూ చెప్పరు. ఆ భాగానికి అదే భాష వచ్చిన పక్క మండలం అమ్మాయిని పంపుతాం.

అపోహ: ఫలితాలు చదువుకున్నవాళ్లకు, గూడేనికి వాటితో పనిలేదు.

నివేదిక పైకి పంపేముందు గూడెంలో చదివి వినిపించడం మా అలవాటు. ఒక చెంచు పెంటలో చింతచెట్టు కింద అలాగే చదివాం. మొత్తం ఇళ్లు 31 అనగానే వెనక కూర్చున్న పెద్దాయన చెయ్యెత్తాడు. "వాగవతల మా తమ్ముడోళ్లను రాయలేదు కదమ్మా. తేనెకు పోయారు, మొన్ననే వచ్చారు. రెండు ఇళ్లు" అన్నాడు. ఆ సాయంత్రమే ఇద్దరు అమ్మాయిలు టార్చి పట్టుకుని వాగు దాటారు. రాత్రి ఎనిమిదింటికి తిరిగొచ్చి పట్టికలో 31 కొట్టేసి 33 రాశారు.