445 రోజుల ఏడాది

లాటిన్‌లో ‘సెప్టెమ్’ అంటే ఏడు. మరి సెప్టెంబరు తొమ్మిదో నెల ఎందుకైంది? రోమన్ల సంవత్సరం పూర్వం మార్చిలో మొదలయ్యేది. క్రీ.పూ. 153లో స్పెయిన్‌లో యుద్ధం ముంచుకురావడంతో, ఏడాదికోసారి ఎన్నికయ్యే కాన్సుల్స్ అనే ఇద్దరు పాలకులు జనవరి 1నే పగ్గాలు చేపట్టారు. ఏడాది ఆరంభంగా ఆ తేదీయే స్థిరపడిపోయింది.

పంచాంగం మాత్రం పోంటిఫెక్స్‌లు అనే మతాధికారుల మండలి చేతిలో ఉండేది. వీళ్లు గుడిలో అర్చన చేసుకునే పూజారులు కారు. సెనేట్‌లో కూర్చుని, ఎన్నికల్లో పోటీపడే పెద్దింటివాళ్లే. ఏ రోజు న్యాయస్థానం నడవచ్చో, ఏ రోజు నడిపితే దోషమో వాళ్లు చెబితేనే తెలిసేది. క్రీ.పూ. 304లో గ్నేయస్ ఫ్లావియస్ ఆ గుట్టు విప్పాడు. దాస్య విముక్తుడి కొడుకు, గుమాస్తాగా పనిచేసినవాడు. రోజుల పట్టికను తెల్ల పలకల మీద రాయించి రోమ్ నడిబొడ్డు కూడలి ఫోరమ్‌లో నలుగురికీ కనబడేలా పెట్టించాడు. రోమ్ చరిత్రలో నా మనసుకు దగ్గరైన ఘట్టం ఇది.

అయినా అసలు తాళంచెవి పోంటిఫెక్స్‌ల దగ్గరే మిగిలింది. రోమన్ ఏడాదికి 355 రోజులే. రుతువులతో పొత్తు కుదరాలంటే రెండేళ్లకోసారి ఫిబ్రవరిలో 22 లేదా 23 రోజులు కలపాలి. మన అధిక మాసం సూర్య సంక్రమణం లేని చాంద్రమాసంగా గణితంలోంచే తేలుతుంది. అక్కడ కలపాలా వద్దా అన్నది మండలి ఇష్టం. కలిపితే పదవిలో ఉన్నవాడికి అన్ని రోజులు ఎక్కువ, కలపకపోతే అన్ని రోజులు తక్కువ. సిలీషియా (నేటి టర్కీలోని ప్రాంతం) గవర్నరుగా వెళ్లి విసిగిపోయిన రాజకీయ నేత, వక్త సిసెరో, ఈ ఏడాదికి అదనపు రోజులు కలపనివ్వకండని రోమ్‌లోని మిత్రులకు ఉత్తరాలు రాశాడు!

క్రీ.పూ. 63 నుంచి మండలి అధిపతి జూలియస్ సీజరే. ఆయనేమో గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధాల్లో, ఆ తర్వాత అంతర్యుద్ధంలో మునిగిపోయాడు. కలపాల్సిన రోజులు కలపక, పంచాంగం రుతువులకంటే దాదాపు మూడు నెలలు ముందుకు పోయింది. కోతల పండుగ వచ్చేసరికి చేలు కోతకు రాలేదు. దేవుడికి మొక్కాల్సిన రోజూ, పొలంలో పనీ విడిపోతే పల్లెవాడికి ఆ పండుగలో ఏం మిగులుతుంది? ఈ గొడవలో నిజంగా నష్టపోయింది వాళ్లేనని నాకనిపిస్తుంది.

సీజర్ క్రీ.పూ. 46లో 90 రోజులు కలిపించి ఆ ఏడాదిని 445 రోజులు చేశాడు. అలెగ్జాండ్రియా పండితుడు సోసిజెనీస్ సలహాతో మరుసటి ఏడు నుంచి 365 రోజులు, నాలుగేళ్లకో అదనపు రోజు. అందరికీ ఇది రుచించలేదు. రేపు లైరా నక్షత్రమండలం (మన అభిజిత్తు ఉన్నది) ఉదయిస్తుందని ఎవరో అంటే, “అవును, ఆజ్ఞ అయింది కదా” అని సిసెరో ఎత్తిపొడిచాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

క్రీ.పూ. 44లో సీజర్ హత్య జరిగింది. పోంటిఫెక్స్‌లు లెక్క తప్పి మూడేళ్లకే లీపు రోజు కలుపుతూ పోయారు. 36 ఏళ్లలో మూడు రోజులు ఎక్కువయ్యాయి. తర్వాత మండలి అధిపతి అయిన రోమ్ తొలి చక్రవర్తి అగస్టస్ క్రీ.పూ. 8లో దాన్ని సరిదిద్ది, కొన్నేళ్లపాటు లీపు రోజులు ఆపించాడు. జూలియస్ సీజర్ పేరుతో ‘క్వింటిలిస్’ నెల అప్పటికే జూలై అయింది. అదే ఏడు ‘సెక్స్‌టిలిస్’ కూడా పేరు మార్చుకుని ఆగస్టు అయింది.