పరిశోధనకు వెళ్లి సందేశాలు మోసిన మావెన్

2025 డిసెంబరు 6న నాసా వారి మావెన్ వ్యోమనౌక ఎప్పటిలాగే అంగారకుడి చాటుకు వెళ్లింది. అప్పటిదాకా దానిలోని వ్యవస్థలన్నీ సవ్యంగానే ఉన్నాయి. ఇవతలికి వచ్చాక అందాల్సిన సంకేతం మాత్రం భూమికి అందలేదు. వెంటనే, అంగారకుడి నేల మీద తిరిగే రోవర్ల సమాచారం సంగతేమిటన్న ప్రశ్న తలెత్తింది. వాతావరణ పరిశోధనకు వెళ్లిన నౌకకు, రోవర్ల సమాచారానికి ఏమిటి సంబంధం?

రోవర్ నేరుగా భూమితో మాట్లాడగలదు గానీ, నత్తనడకన. దాని యాంటెన్నా చిన్నది, విద్యుత్తు పరిమితం. అందుకే ఫొటోలను, కొలతలను పైనుంచి వెళ్లే ఆర్బిటర్‌కు, అంటే గ్రహం చుట్టూ తిరిగే నౌకకు, అప్పగిస్తుంది. అది వాటిని భూమికి పంపుతుంది. 1976 నాటి వైకింగ్ ల్యాండర్ల కాలం నుంచీ ఉన్న పద్ధతే ఇది. అయినా అంగారక కక్ష్యలో ఉండి ఈ ఒక్క పనే చేసే నౌకను ఎవరూ పంపలేదు. నాసా ఒక టెలికమ్యూనికేషన్ ఆర్బిటర్‌ను తలపెట్టినా, నిధుల ఇబ్బందితో 2005లో రద్దు చేసుకుంది. శాస్త్ర పరిశోధనకు వెళ్లే నౌకలకే ఒక రేడియోను తగిలించి పంపడం ఆనవాయితీ అయింది. వాతావరణ పరిశీలన, సందేశాల చేరవేత రెండూ చేయాల్సిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో పౌండ్లు, న్యూటన్లు అనే బలం కొలమానాల గందరగోళంలో గ్రహం చేరుతూనే నాశనమైంది. ఒక్క నౌక పోతే రెండు పనులూ పోతాయని అప్పుడే తెలిసి ఉండాల్సింది.

మావెన్ కథలో అసలు మలుపు ప్రయోగానికి ముందే ఉంది. 2013 అక్టోబరు 1న బడ్జెట్‌కు ఆమోదం లేక అమెరికా ప్రభుత్వ కార్యాలయాలు మూతపడ్డాయి, ఫ్లోరిడాలో మావెన్ సన్నాహాలూ ఆగాయి. ఆ అదను తప్పితే భూమి, అంగారకుడు మళ్లీ ప్రయోగానికి అనువుగా వచ్చేదాకా 26 నెలలు ఆగాలి. రెండు రోజుల్లోనే అత్యవసర మినహాయింపు దొరికింది. శాస్త్రాన్ని చూసి ఇచ్చింది కాదది. ఉన్న ఆర్బిటర్లు పాతబడుతున్నాయి, ఆపర్చునిటీ, క్యూరియాసిటీ రోవర్లతో సంబంధం తెగకూడదు అన్నదే కారణం. అదనంగా తగిలించిన రేడియోయే అసలు నౌకను గట్టెక్కించిందన్నమాట. నవంబరు 18న అది బయలుదేరింది. శ్రీహరికోట నుంచి అంతకు కాస్త ముందే ఎగిరిన మన మంగళయాన్, మావెన్ చేరిన రెండు మూడు రోజులకే అంగారక కక్ష్యలోకి వచ్చింది.

శాస్త్రంలోనూ మావెన్ తక్కువ తినలేదు. సౌరగాలి, అంటే సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహం, సెకనుకు దాదాపు 100 గ్రాముల వాయువును అంగారకుడి నుంచి ఎగరేసుకుపోతోందని 2015లో తేల్చింది. అక్కడి వాతావరణంలో ఒకప్పుడున్న ఆర్గాన్ వాయువులో సుమారు 65 శాతం అంతరిక్షంలో కలిసిపోయిందని 2017లో లెక్కగట్టింది. నీళ్లు పారిన గ్రహం ఎందుకు ఎండిపోయిందో చెప్పడానికి ఇవి గట్టి ఆధారాలు.

కానీ 2019లో పర్సెవరెన్స్ రోవర్ అవసరాల కోసం దాని కక్ష్యలోని గరిష్ఠ ఎత్తును దాదాపు 6,200 కిలోమీటర్ల నుంచి 4,500కు దించారు. రోవర్‌కు తరచుగా, దగ్గరగా అందుబాటులో ఉండటానికి. ఎత్తు తగ్గితే సౌరగాలిని నేరుగా కొలిచే సమయం తగ్గుతుంది. నా దృష్టిలో ఇది చిన్న రాజీ కాదు.

ఇక సందేశాలు మోసే మిగిలిన నౌకల్లో ఒడిస్సీ 2001లో వెళ్లింది, దాని ఇంధనం అడుగంటుతోంది. మార్స్ రికానసెన్స్ ఆర్బిటర్ 2006 నుంచీ తిరుగుతోంది. ఐరోపా వారి ట్రేస్ గ్యాస్ ఆర్బిటర్ 2016లో చేరింది. అదీ వాతావరణ పరిశోధనకు వెళ్లినదే. ప్రత్యేక ఆర్బిటర్ ఆలోచన రద్దయిన ఇరవై ఏళ్లకు, 2025 జులైలో, అలాంటి నౌక కోసమే అమెరికా కాంగ్రెస్ 70 కోట్ల డాలర్లు కేటాయించింది.