బంగళాలో చరిత్ర సభలు: తగువు మూలం 1948లో ఉంది

విశాఖలో పాత జమీందారీ బంగళాల హాళ్లలో, వసారాల్లో చరిత్ర ప్రసంగాలు పెట్టడం కొన్నేళ్లుగా అలవాటైంది. నాలుగు వరుసల కుర్చీలు, ఒక ప్రొజెక్టరు, గోడ నిండా పాత ఫొటోలు, చివర్లో టీ. వాటి మీద ఇప్పుడు మళ్లీ మాటా మాటా పెరిగింది. ఇంటివాళ్లకు కష్టం కలిగించే ప్రశ్న ఆ ఇంట్లోనే అడగొచ్చా, కూడదా అన్నదే తగువు. పిలిచి కూర్చోబెట్టినవాళ్ల తాతగారిని వాళ్ల గుమ్మంలోనే నిలదీయడం మర్యాద కాదని ఒక పక్షం. చరిత్ర అని కార్డు వేశాక శిస్తు ఊసు, వెట్టి ఊసు ఎత్తకపోతే అది సభ కాదు, పేరంటం అని రెండో పక్షం.

విజయనగరం రాజు ఈస్టిండియా కంపెనీ సేనతో తలపడిన పద్మనాభ యుద్ధం, జమీందారు కట్టాల్సిన మొత్తాన్ని ఖాయం చేసిన 1802 నాటి శాశ్వత సెటిల్మెంటు, పేష్కషు అనే ఆ కప్పం బాకీలు ఇక్కడి పాఠకులకు కొత్త కావు. వాటి జోలికి పోవడం లేదు. జమీందార్లు విశాఖలో మేడలు ఎందుకు కట్టుకున్నారన్నదీ చిక్కు ప్రశ్న కాదు. కలెక్టరు ఇక్కడ, కోర్టు ఇక్కడ, 1883 నుంచి వాల్తేరు క్లబ్బు ఇక్కడ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమయ్యేదాకా ఇప్పుడు ఒడిశాలో ఉన్న జయపురం ఎస్టేటు, అంటే జమీందారీ, కూడా విశాఖపట్నం జిల్లాలోదే. బీచ్ రోడ్డు మీది హవామహల్ జయపురం రాజులది ఎలా అయిందని ఇప్పటి కుర్రాళ్లు ఆశ్చర్యపోతారు గానీ, ఆ రోజుల్లో అది సొంత జిల్లా కేంద్రంలో కట్టుకున్న ఇల్లే.

ఇప్పటి తగువుకు అసలు మలుపు 1948. హుద్‌హుద్ తుపాను అనీ స్మార్ట్ సిటీ పథకం అనీ చెప్పేవాళ్లున్నారు. అవి తర్వాతి సంగతులు. ఆ ఏడాది మద్రాసు ప్రభుత్వం తెచ్చిన ఎస్టేట్ల రద్దు చట్టంలో, అంటే 1948 నాటి 26వ చట్టంలో, మూడో సెక్షను ఒకసారి చదవాలి. పోరంబోకులు, బంజర్లు, అడవులు, గనులు, చేపలు పట్టే హక్కులు ప్రభుత్వానికి దఖలు పడ్డాయన్నది అందరికీ తెలుసు. అదే సెక్షనులో ఇంకొంచెం కిందికి వెళితే, ఎస్టేటుకు సంబంధించిన లెక్కలు, రిజిస్టర్లు, పట్టాలు, ముచ్చిలికలు (రైతు రాసిచ్చిన ఒప్పుకోలు కాగితాలు), పటాలు, ప్లాన్లు, ఇతర కాగితాల్లో పరిపాలనకు ఏవి కావాలంటే అవి ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చని ఉంది. పద్దెనిమిదో సెక్షను కట్టడాల గురించి. ఎస్టేటులో కేవలం ఆఫీసుగా వాడిన భవనం, అంటే కచేరీ, ప్రభుత్వానికి పోతుంది. నివాసముండే ఇల్లు సొంతదారుకే ఉంటుంది. ఇక పట్నంలో కట్టుకున్న బంగళాల సంగతి చెప్పక్కర్లేదు, అవి ఎటూ ఇంటివాళ్లవే.

దీని ఫలితం ఏమిటంటే, ఇల్లూ దాన్ని పోషించిన లెక్కలూ విడిపోయాయి. ఏ ఊరు ఎంత శిస్తు కట్టింది, ఎవరి మీద ఎంత బకాయి చూపించారు, ఎవరి భూమి వేలానికి వచ్చింది, ఏ కొండవాళ్లతో ఎన్ని రోజులు ఉత్తిపుణ్యానికి పని చేయించుకున్నారు లాంటివన్నీ ఉండే పుస్తకాలు సెటిల్మెంటు ఆఫీసుల దారి పట్టాయి. ఇంట్లో మిగిలినవి పెళ్లి ఫొటోలు, వేట ఫొటోలు, గవర్నరుగారు వచ్చినప్పటి గ్రూపు ఫొటో, పియానో, టేకు అల్మరా. ప్రసంగానికి వచ్చినాయన ఎంత నిజాయితీపరుడైనా ఎదురుగా కనిపించే వాటి గురించే మాట్లాడతాడు. అబద్ధం ఎవరూ చెప్పడం లేదు. ఉన్న సామగ్రే అంత.

జయపురం విషయంలో ఇది ఇంకాస్త ముదిరింది. ఆ ఎస్టేటును ప్రభుత్వం తీసుకున్నది 1951 నాటి ఒరిస్సా చట్టం కింద. మేడ విశాఖలో, లెక్క ఒడిశాలో. కొరాపుట్ కొండల్లో అప్పు తీర్చడానికి మనిషిని ఏళ్ల తరబడి పనికి కట్టేసిన గొత్తి పద్ధతి గురించి సముద్రపు ఒడ్డున కూర్చున్న శ్రోతకు ఏ గోడ మీది ఫొటో చెబుతుంది? అదే వంశం ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన మాటా నిజం. ఆ లక్ష గురించి ప్రతి సభలోనూ వింటాం, వినాలి కూడా. అది ఎక్కడ వసూలైన లక్ష అని ఒకాయన లేచి అడిగితే దాన్ని అమర్యాద అనడం ఎలా?

రైతు పక్షం కాగితాలు అసలు లేవనే మాటా సరికాదు. 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రిగా ఉన్న టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఒక కమిటీ జమీందారీ ప్రాంతాల పరిస్థితి విచారించింది. రైతులూ చెప్పుకున్నారు, జమీందార్లూ చెప్పుకున్నారు. 1938లో నివేదిక వచ్చింది, సాక్ష్యాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. బంగళా హాల్లో ఫొటో చూపించిన తర్వాత ఆ సాక్ష్యాల్లోంచి రెండు పేజీలు చదివితే పావుగంట పడుతుంది. రెండో పక్షం అడుగుతున్నది ఇంతే.

కాగితం మిగిలితే ఏమవుతుందో చెప్పడానికి ఈ ఊళ్లోనే ఒక నిదర్శనం ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో దాబాగార్డెన్స్‌లోని తన ఆవరణలో సొంత ఖర్చుతో ఆకాశాన్ని గమనించే వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపారు. ఏవీఎన్ కాలేజీ ఈయన పేరు మీదిదే. 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని ఆయన ఇక్కడి నుంచే గమనించి నమోదు చేశారు. ఇవాళ దాబాగార్డెన్స్ అంటే షాపులు, ట్రాఫిక్కు. చూపించడానికి వేధశాల లేదు. అయినా దాని గురించి గట్టిగా మాట్లాడగలుగుతున్నాం, ఎందుకంటే గమనించినవి అచ్చులో ఉన్నాయి.

ఇంటివాళ్ల వాదన కూడా చెప్పాలి. ఆదాయం 1948తో పోయింది, ఇల్లు నిలబెట్టే ఖర్చు పోలేదు. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చేసరికి ఇంటి చుట్టూ ఉన్న ఖాళీ తోట గుండెల మీద కుంపటి అయింది. ఆ చట్టాన్ని కేంద్రం 1999లో ఎత్తేసినా రాష్ట్రం ఎత్తేసింది 2008లో. ఈలోగా తీరప్రాంత నిబంధనలు 1991లో వచ్చి, అప్పటికే ఇళ్లు కట్టి ఉన్న చోట రోడ్డుకు సముద్రం వైపు కొత్త నిర్మాణాలు ఆపి, ఊరి వైపు అనుమతించాయి. దాంతో బీచ్ రోడ్డు పడమటి వైపు స్థలాలకు రెక్కలొచ్చాయి. అలాంటి చోట పాత ఇల్లు కూల్చకుండా ఉండటమే గొప్ప అంటారు వాళ్లు. ఉప్పుగాలికి ఇనుప దూలాలు పొరలు పొరలుగా రాలతాయి. గానుగ సున్నం గోడకు సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక, రెండు వానలకు ఆ పూత పలకలుగా ఊడుతుంది. మళ్లీ సున్నమే పూయాలి, ఆ పని తెలిసిన మేస్త్రి దొరకాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు పోయిన చెట్లూ పెంకులూ సరే సరి. పన్నులో రాయితీ ఇవ్వండి, ఆ తర్వాత మా తాతలను తిట్టండి అన్నది వాళ్ల మాట. రాయితీ అడగడం న్యాయమే. దానికీ ప్రశ్నకీ లంకె పెట్టడమే అర్థం కాదు.

పాతూరు, అంటే వన్ టౌన్ వాళ్ల గోడు వేరు. కురుపాం మార్కెట్ చుట్టుపక్కల లోగిళ్లు ఒకటొకటిగా పోతుంటే సభలన్నీ బీచ్ రోడ్డు మీదే ఎందుకంటారు. కుర్చీలు వేసేంత హాలు అక్కడ ఉందన్నదే దీనికి జవాబు. అది జవాబో కాదో వాళ్లే చెప్పాలి.

సభలను ప్రభుత్వ భవనాలకు మార్చితే మొహమాటాలు ఉండవన్న సూచనా మళ్లీ వచ్చింది. బీచ్ రోడ్డు మీది పాత డచ్చి బంగళాను 1991లో మ్యూజియం చేశారు. అక్కడ ఏం మాట్లాడినా నొచ్చుకునే ఇంటివాళ్లు లేరు, అడిగితే చెప్పే ఇంటివాళ్లూ లేరు. ఎక్కువమంది చూపు మాత్రం వన్ టౌన్‌లోని టౌన్ హాలు మీద ఉంది. స్మార్ట్ సిటీ నిధులతో బాగుచేశారు, స్థలం సరిపోతుంది, పాతూరి వాళ్లకు నడిచి వచ్చే దూరం. విక్టోరియా రాణి వజ్రోత్సవం పేరున 1904 నాటికి లేచిన ఆ హాలుకు డబ్బు పెట్టింది బొబ్బిలి జమీందారుగారు.